దాచు

ఆత్మకూరు దాటాక సిగ్నల్ పోయింది.
బస్సు కుదుపులకి ఒళ్లో ఎగురుతున్న లాప్‌టాప్‌లో
మూడు వారాలుగా నేను కడుతున్న అంగడి:
గోడల్లేవు, గల్లాపెట్టె ఉంది,
తలుపు ఇంకా ఒకవైపే తెరుచుకుంటుంది.

కొండ నీడ ఉదయగిరి వీధిలోకి దిగేసరికి
ఖైరూన్‌బీ వసారాలో, చెక్కపొట్టు మీద కూర్చుని
ఆకురాయి చప్పుడు సందుల్లో అడుగుతున్నాను.
పేరు? "గరిటె."
ధర? చెప్పింది.
పొడవు?
ఆకురాయి ఆగింది.
"చెక్కనడగాల అబ్బయ్యా.
బిక్కి ఒక మాట చెప్తాది, నర్ది ఇంకో మాట చెప్తాది.
ముడి అడ్డమొస్తే ఆడికే దాని పొడుగు."

నా ఫారంలో ఆ గడి
అంకె వెయ్యనిదే ముందుకు పోనివ్వదు,
ఎర్రగా అరుస్తుంది.
ఆ అరుపు రాసింది నేనే,
నెల్లూరు పొగతోట గదిలో, రాత్రి రెండింటికి,
మనుషులు తప్పు చేస్తారని ముందే అనుకుని.

రెడీమేడ్‌వి దొరక్కపోలేదు.
నెలకింతని అద్దె,
ఎస్, ఎం, ఎల్ అంటూ గరిటెలకి చొక్కా కొలతలు.
"మాకు తగ్గట్టు కుట్టియ్యన్నా" అంది నస్రీన్,
ఖైరూన్‌బీ చెల్లెలి కూతురు, డిగ్రీ రెండో ఏడు.
రేపట్నించి ఈ గళ్లు నింపాల్సింది తనే.

ఫోటో తీసింది, ఉతికిన దుప్పటి పరిచి.
పిడి మీద చేప, పొలుసు పొలుసుకీ ఒక గాటు.
నా చతురస్రం
నిమిషంలో దాని తోక కోసేసింది.
ఖైరూన్‌బీ ఏమీ అనలేదు. తోక ఉన్న గరిటెని
తెర పక్కన పెట్టి ఊరుకుంది.

నిల్వ ఎంత?
"అయినయ్యి నాలుగు.
పిడి తేలాల్సినయ్యి ఆరు.
కోసి పెట్టిన చెక్క ఉండాది,
దాన్నేమని రాసుకుంటావు?"
ఉంది, లేదు. రెండే పెట్టాను నేను,
ఒకటీ సున్నా చదువుకున్నవాణ్ని.
మూడోది అక్కడే, మోకాళ్ల మీద కలిపాను:
చేతిలో ఉంది.

అసలు చిక్కు ఒక్క బటన్ దగ్గర వచ్చింది.
సేవ్ అనాల్సిన చోట 'భద్రపరచు' అని రాశాను.
బ్యాంకు గోడ మీద మాటన్నా ఇది, అంది నస్రీన్.
సరేనని కొట్టేసి 'దాచు' అన్నాను.
ఖైరూన్‌బీ కళ్లజోడు పైకి నెట్టి
కూడబలుక్కుని చదివింది.
"దాస్తే అందరికీ కనపడతాదా,
కనపడదా?"

నోట మాట రాలేదు నాకు.
బియ్యం డబ్బాలో నోట్లు దాచిన చెయ్యీ
కమిలిన దెబ్బని కొంగుతో దాచిన చెయ్యీ
ఇన్నాళ్లూ ఒక్క మాటతోనే గడుపుకొచ్చాయి.
ఆ రెంటి మధ్యా గీత గియ్యమని
నా కోడ్‌ని ఇంతవరకూ ఎవరూ అడగలేదు.

ఆమే తేల్చేసింది.
"అంగట్లో ఏం జేస్తాం?
బయట పెడతాం, లోపల పెడతాం. అంతే గదా."
అవే రాశాను.
'తీసెయ్' దగ్గర మళ్లీ చెయ్యి అడ్డం పెట్టింది:
"అమ్మినదాన్ని తీసెయ్యబాక.
ఎవురింట్లో పులుసు తిప్పతాందో
మాకు తెలియాల."

గదికి చేరేసరికి పదకొండు.
అన్నం పార్సిల్ విప్పకుండానే తెరిచి చూశాను.
అంగట్లోకి మొదటి వరస వచ్చి ఉంది,
నస్రీన్ టైపు చేసింది, మాట మాత్రం పెద్దామెది.

పేరు: చేప గరిటె.
పొడవు: ముడి దాకా.
నిల్వ: చేతిలో ఉంది.

ఎర్ర అరుపు తీసేశాను కాబట్టి
ఏదీ అరవలేదు.
ధర గడిలో మాత్రం అంకె,
కచ్చితంగా,
వసారాలో నాకు చెప్పినదానికంటే
పదిహేను రూపాయలు ఎక్కువ.